లోపల పిడి లేని తలుపు

సమాన హక్కుల కమిషన్ ఆఫీసులో పై అంతస్తు చివర ఒక చిన్న గది ఉంది. దాన్ని అందరూ రాజీ గది అంటారు. గొడవపడి వచ్చిన ఇద్దరినీ ఆ గదిలో కూర్చోబెట్టి ఒక మాట మీదికి తెచ్చే ఆవిడని రాజీ అక్కయ్య అంటారు. ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. "మా వదినని పేరు పెట్టి పిలిస్తే, ఎవరినబ్బా అని వెనక్కి తిరిగి చూస్తుంది" అని ఇంట్లో మరదలు నవ్వుతుంది.

చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి అక్కయ్య ఎడమకాలు సన్నబడిపోయింది. చేతికర్ర లేనిదే నాలుగడుగులు వెయ్యలేదు. అయినా ఆ గది పై అంతస్తులోనే ఉంది, లిఫ్టు లేదు, ముప్ఫయ్యేళ్ళుగా ఆవిడ రోజూ ఆ మెట్లెక్కుతూనే ఉంది. హక్కుల ఆఫీసుకి లిఫ్టు పెట్టించమని ఏ ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలో ఎవరికీ తోచలేదు.

ఈ గది తలుపుకి ఒక విశేషం ఉంది. బయటవైపు పిడి ఉంది, తిప్పితే తెరుచుకుంటుంది. లోపలివైపు పిడి ఉండాల్సిన చోట నలుచదరపు కన్నం మాత్రమే ఉంది. తలుపుకి స్ప్రింగు ఒకటి. వదిలేస్తే దానంతటదే వెళ్ళి టక్కుమని పడిపోతుంది. లోపలి పిడి అక్కయ్య బల్ల సొరుగులో ఉంటుంది. రాజీ కుదిరి ఇద్దరూ సంతకాలు పెట్టాక ఆవిడ సొరుగు లాగి, పిడి తీసి, కన్నంలో దోపి తిప్పుతుంది. అంతవరకూ ఎంతటివాడైనా కూర్చోవాల్సిందే.

ఇదేం పద్ధతని అడిగితే పాతవాళ్ళు ఒక కథ చెబుతారు. కమిషన్ పుట్టిన కొత్తలో దానికి ఒక బల్ల, ఒక టైపు మిషను, గోడకి ఒక బోర్డు తప్ప ఏమీ లేవు. చట్టం ఇచ్చిన అధికారమల్లా పిలిచి మాట్లాడటం. పిలిస్తే పెద్దమనుషులు వచ్చేవారు, కుర్చీ అంచున కూర్చునేవారు, వాచీ చూసుకునేవారు, "ఇక ఉంటాను" అని లేచిపోయేవారు. మొదటి ఛైర్మన్ గారికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు స్క్రూడ్రైవరు తెప్పించి లోపలి పిడి తన చేత్తోనే ఊడదీశారు. ఆ తరవాత ఎవరూ మధ్యలో లేచిపోలేదు.

ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ గదిలోంచి మంచి పనులే బయటికొచ్చాయి. ఆసుపత్రి వెనక గుమ్మంలోంచి వెళ్ళాల్సినవాళ్ళు ముందు గుమ్మంలోంచి వెళ్ళడం మొదలుపెట్టారు. మీవాళ్ళకి ఇల్లు అద్దెకివ్వం అన్న యజమానులు తాళంచెవులు చేతిలో పెట్టారు. సినిమా హాల్లో నేల మీద కూర్చున్నవాళ్ళు కుర్చీలెక్కారు. కొన్నాళ్ళకి చట్టం కూడా మారింది. కోర్టుకున్నంత బలం కమిషన్‌కీ వచ్చింది. బహిరంగ విచారణ పెట్టొచ్చు, అందరి ముందూ సాక్ష్యం తీసుకోవచ్చు, ఉత్తర్వు ఇవ్వొచ్చు. అయితే ముందు రాజీ గది, అక్కడ కుదరకపోతేనే విచారణ అన్న నియమం మాత్రం అలాగే ఉండిపోయింది. రాజీ కాగితం మీద సంతకం పడిందా, ఫిర్యాదు అక్కడితో సరి. మళ్ళీ తెరవడానికి లేదు. అక్కయ్య చేతిలో రాజీ కుదరకపోవడమన్నది ఎన్నడూ జరగలేదు. అందుకే కింద విచారణ హాల్లో కుర్చీలకి ప్లాస్టిక్ తొడుగులు ఇంకా ఊడలేదు.

ఆరోజు కమిషన్‌కి ముప్ఫయ్యేళ్ళు నిండిన సభ. కింద సమావేశ మందిరం కిటకిటలాడుతోంది. సీటు దొరకనివాళ్ళు కూడా వినాలని ప్రతి వరండాలో స్పీకరు డబ్బా కట్టారు. అలాంటి రోజున ఎవరైనా కేసు పెట్టుకుంటారా? ఇప్పటి ఛైర్మన్ గారు పెట్టుకున్నారు. ఆయనకి పేపర్లో ఫొటో అంటే ప్రాణం. బస్సు డ్రైవరమ్మాయి కేసు అప్పటికే పేపర్లకెక్కి ఉంది.

"మీరు పైన సంతకాలు చేయించండి అక్కయ్యా, నేను కింద ఉపన్యాసంలో ప్రకటిస్తాను. వాళ్ళిద్దరినీ వేదిక మీదికి తీసుకొచ్చెయ్యండి, చేతులు కలిపిద్దాం. మీ సన్మానం కూడా అప్పుడే" అన్నారు పొద్దున్నే. అక్కయ్య వాళ్ళమ్మని, తమ్ముణ్ణి, మరదల్ని కూడా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు.

ఆ అమ్మాయి ఒక లారీ డ్రైవరు కూతురు. తండ్రి పక్కన కూర్చుని నేర్చుకుని, ఆయనకి చూపు మందగించాక ఆ లారీ తనే నడిపింది. బస్సు డిపోలో పరీక్ష పెడితే వచ్చినవాళ్ళందరికంటే బాగా నడిపింది. అయినా ఆడపిల్లకి దూరపు బస్సు ఇవ్వం, కావాలంటే టిక్కెట్ల కౌంటర్లో కూర్చో అన్నారు. కమిషన్ మెట్లెక్కింది.

సెల్‌ఫోన్లు బయట స్టూలు మీది ట్రేలో పెట్టించి, ఇద్దరినీ లోపలికి పిలిచి, అక్కయ్య తలుపు వదిలింది. టక్కుమంది. డిపో మేనేజరు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. బొద్దుగా, చెమటలు కక్కుతూ, జేబురుమాలుతో మెడ తుడుచుకునే మనిషి. గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, అందనంత ఎత్తులో ఒక వెంటిలేటరు, బల్ల మీద అక్కయ్య ఫ్లాస్కు.

"టీ తీసుకోండి సార్" అంది అక్కయ్య. ఆయన తీసుకున్నాడు. అమ్మాయి వద్దంది.

"బండి మీదుండేవాళ్ళం అక్కా, మధ్యలో ఏమీ తాగం" అని, కాసేపాగి, "మీరు తాగరా?" అని అడిగింది.

"నాకు అలవాటు లేదమ్మా" అంది అక్కయ్య. ఆ గదిలో ఆవిడ ఎప్పుడూ చుక్క కూడా తాగలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. తనని తనూ ప్రశ్నించుకోలేదు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "కౌంటరంటే నామోషీ ఏముందమ్మాయ్? ఫ్యాను కింద పని. మా అమ్మాయికైతే కళ్ళు మూసుకుని అదే ఇప్పిస్తాను."

"మీ అమ్మాయికి బస్సు నడపడం వచ్చా సార్?"

"రాదనుకో."

"నాకొచ్చు."

మేనేజరు అక్కయ్య వైపు చూశాడు. అక్కయ్య ఆయన కప్పు నింపింది. ఆవిడ పద్ధతి అంతే. తొందరపెట్టదు, గొంతు పెంచదు, కప్పు ఖాళీగా ఉండనివ్వదు.

"నువ్వు బాగా నడుపుతావు, నేను కాదన్నానా?" అన్నాడాయన. "దూరపు బస్సంటే ఎక్కడో ఒకచోట రాత్రి ఆగాలి. అక్కడ డ్రైవర్లకి ఉన్నది ఒకటే గది, ఒకటే బాత్రూం. నీకు ఎక్కడ కట్టించమంటావు? పైవాళ్ళకి రాస్తే నామీదే ఒంటికాలి మీద లేస్తారు."

"ఒక బాత్రూం లేదని నాకు బస్సు ఇవ్వరా?"

"అదేమైనా చిన్న విషయమా!"

అక్కయ్య అప్పుడు తన మాటలు మొదలుపెట్టింది. అవి ఆవిడకి నిద్రలో లేపి అడిగినా వస్తాయి. "చూడమ్మా, విచారణకి వెళ్తే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. నలుగురూ నీ గురించి నాలుగు రకాలుగా అనుకుంటారు. ఇవాళ చేతికందేది తీసుకో. నేనూ నీలాగే ఈ కుర్చీలో కూర్చున్నాను. ఒప్పుకున్నాను. చూడు, బాగానే ఉన్నాను కదా?"

ఈ మాటతో ఎంత మొండివాళ్ళైనా మెత్తబడతారు. ఈ అమ్మాయి మెత్తబడలేదు. అక్కయ్య చేతికర్రనీ, ఇంకా తీరని ఆయాసాన్నీ చూసింది. "ఆ మెట్లెక్కేటప్పుడు మీ వెనకే వచ్చానక్కా" అంది.  అక్కయ్యకి ఎక్కడో చురుక్కుమంది.

వరండాలో స్పీకరు గరగరలాడి ఛైర్మన్ గారి గొంతు గదిలోకి వచ్చింది. కమిషన్ చరిత్ర మొదలైంది. ఒక బల్ల, ఒక టైపు మిషను. మేనేజరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. కాసేపు కాలు మీద కాలేసుకున్నాడు, కాసేపు దించాడు.

"మేడం, ఒక్క నిమిషం. బాత్రూంకి వెళ్ళొస్తాను."

"సంతకాలైపోయాక వెళ్దురుగాని సార్, ఇంకెంత, రెండు ముక్కలేగా" అంది అక్కయ్య నవ్వుతూ.

అనేశాక ఆవిడ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. ఆ మాట తను ఈ గదిలో ఎంతమందితో అందో! ఆసుపత్రి కేసులో ముసలాయనతో అంది. అద్దె ఇంటి కేసులో నిండు చూలాలితో అంది. ప్రతిసారీ ఇదే నవ్వు. ప్రతిసారీ నిజంగానే రెండు ముక్కల్లో పని అయిపోయేది. తన నేర్పరితనం అనుకునేది.

"లేదు మేడం, నాకు షుగరుంది. ఆగలేను" అన్నాడు మేనేజరు.

"సరే సార్, వెళ్ళిరండి" అని అక్కయ్య సొరుగు లాగింది.

సొరుగులో పిడి లేదు. పిడి ఉండే చోట ఒక చీటీ ఉంది. "అక్కయ్యా, హ్యాండిల్ ప్రదర్శనకి తీసుకెళ్తున్నాను. ఇలాంటిది ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు! థాంక్స్." రాసింది ప్రచార విభాగంలో పనిచేసే ఫొటోల బాబు. సభ కోసం పాతవస్తువులన్నీ పోగేసి, మొదటి ఛైర్మన్ గారి కళ్ళజోడు దగ్గర్నుంచి పాత టైపు మిషను దాకా కింద గాజుపెట్టెల్లో పెడుతున్నాడు. వారం కిందట పిడి గురించి అడిగితే అక్కయ్య "చూద్దాంలే" అంది. అతను చూసేశాడు.

అక్కయ్య చీటీని బల్ల మీద పెట్టింది. ముగ్గురూ చదివారు.

ఇక చూడాలి ఆ గది! అక్కయ్య చేతికర్రతో తలుపు దబదబా బాదింది. సరిగ్గా అప్పుడే కింద చప్పట్లు. చప్పట్లు ఆగాక మళ్ళీ బాదింది. మళ్ళీ చప్పట్లు. ఛైర్మన్ గారు వాక్యానికొకసారి చప్పట్లు కొట్టించుకునే మనిషి. ఆఫీసులో మనుషులంతా కిందే ఉన్నారు, ఫోన్లు బయట ట్రేలో ఉన్నాయి. అమ్మాయి టీచెంచా కన్నంలో దోపి తిప్పితే చెంచా మెలితిరిగింది.

"చదరపు కడ్డీ కావాలక్కా. నా స్క్రూడ్రైవరుంటే ఏదో ఒకటి చేద్దును. బండిలో ఉంది."

"వచ్చేస్తారులే. నా సన్మానం ఉందిగా, నన్ను వెతుక్కుంటూ వస్తారు" అంది అక్కయ్య. కూర్చుంది. గోడలు ఇంత దగ్గరగా ఉన్నాయని ఆవిడ ఇంతకాలం గమనించలేదు. చేతిలో పిడి ఉన్నవాళ్ళకి గది చిన్నదని తెలియదు.

మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

స్పీకర్లో ఛైర్మన్ గారి గొంతు ఆర్ద్రమైంది. "ఈ కమిషన్ సాధించిన తొలి రాజీ గురించి చెప్పాలి. ఒక కాలు సరిగా లేని అమ్మాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగానికి వెళ్ళింది. మెట్లెక్కలేవు పొమ్మన్నారు. మన రాజీ గదిలో రెండు పక్షాలూ ప్రశాంతంగా మాట్లాడుకున్నాయి. ఎక్స్ఛేంజివారు విచారం తెలిపారు. కమిషన్ ఆ అమ్మాయికి తన ఒడిలోనే చోటిచ్చింది. ఆమె ఎంతో సంతోషంగా సంతకం చేసింది!"

చప్పట్లు.

అక్కయ్య ఆ సంతోషాన్ని గుర్తుచేసుకోబోయింది. గుర్తొచ్చింది వేరు. ఇదే బల్ల. అవతల ఎక్స్ఛేంజి అధికారి, ఇవతల మొదటి ఛైర్మన్ గారు, మధ్యలో తను, లంగా ఓణీలో. తనకి ఆ ఉద్యోగం ఎంత కావాలో చెప్పడానికి వచ్చింది. అద్దం ముందు నిలబడి "నమస్కారం, ఏ నంబరు కావాలండీ?" అని ఎన్నిసార్లు అనుకుందో! ఫోన్లో ఎవరికీ కాలు కనపడదు, గొంతే వినపడుతుంది. తన గొంతు బాగుంటుందని తనకి తెలుసు. ఛైర్మన్ గారు మంచివారు, కప్పు ఖాళీ అయితే నింపారు. పెద్దాయన పోస్తే వద్దనడానికి మొహమాటం. పొద్దెక్కింది. పొత్తికడుపు బిగుసుకుపోయింది. ఇద్దరు మగవాళ్ళ ముందు ఆ మాట ఎలా అనడం? కుక్కిన పేనులా కూర్చుంది. చివరికి గొంతు పెగల్చుకుని "కాస్త బయటికి వెళ్ళొస్తానండీ" అంది. "సంతకం అయ్యాక వెళ్దువుగానమ్మా, ఇంకెంత, రెండు ముక్కలేగా" అన్నారు ఛైర్మన్ గారు నవ్వుతూ.

సంతకం పెట్టేసింది. ఏం రాశారో చదవలేదు. చదివేటంత సేపు ఆగలేకపోయింది.

ఆ తరవాత అమ్మ ఊరంతా చెప్పుకుంది, ఫోన్లవాళ్ళు వద్దంటే సర్కారే పిలిచి ఉద్యోగమిచ్చిందని. అంత మందికి అంత సంతోషంగా ఉన్నప్పుడు ఇది చెప్పుకోవడానికి చోటెక్కడుంది? ఇన్నేళ్ళు తను పోసిన టీ మర్యాద అనుకుంది. ఆవిడకి ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది.

"ఇదంతా నాటకం!" మేనేజరు బల్ల మీద చెయ్యి వేసి వంగి నిలబడ్డాడు. మొహం నల్లబడిపోయింది. "ఈ గది సంగతి నాకు ముందే చెప్పారు. సంతకం పెట్టేదాకా తలుపు తియ్యరు. ఆ చీటీ కూడా మీరే రాసిపెట్టుకుని ఉంటారు. హ్యాండిల్ మీ దగ్గరే ఉంది."

"లేదు సార్..."

"ఏం కావాలి మీకు? బస్సు ఇవ్వాలి, అంతేగా? ఇటివ్వండి ఆ కాగితం!" కుర్చీలో కూలబడి, కాళ్ళు దగ్గరికి లాక్కుని, పెన్ను తీశాడు. 'దూరపు బస్సుకి డ్రైవరుగా తీసుకోవడానికి అంగీకరిస్తున్నాను' అని గబగబా రాశాడు. చెమట చుక్క కాగితం మీద పడింది.

అక్కయ్య అమ్మాయి వైపు చూసింది. అమ్మాయికి విషయం అర్థమైపోయింది. కళ్ళలో దీపాలు వెలిగాయి. "అవును సార్" అంది నిదానంగా. "సంతకం పెట్టండి. పెట్టగానే అక్కయ్య తలుపు తీస్తుంది."

అక్కయ్య నోరు తెరవక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. సంతకం పడుతుంది, మళ్ళీ తెరవడానికి లేదు, ఈ పిల్ల రేపట్నుంచి బస్సు నడుపుతుంది. ఎన్నిసార్లు బలం ఉన్నవాడి పక్షాన ఈ గది పనిచెయ్యలేదు? ఒక్కసారి ఇటువైపు పనిచేస్తే ఏం మునిగిపోతుంది? ఎదురుగా ఉన్న మనిషి వంక చూసింది. బిగపట్టిన దవడ, వణుకుతున్న మోకాలు. ఆ మోకాలు తనది.

పెన్ను సంతకం చోటికి వెళ్ళింది. అక్కయ్య అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు సార్. హ్యాండిల్ నిజంగానే నా దగ్గర లేదు. మీరు సంతకం పెట్టినా తలుపు తెరుచుకోదు."

"అక్కా!" అని అరిచింది అమ్మాయి. "మీకేమైనా పిచ్చా?"

మేనేజరు పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు.  సరిగ్గా ఆ నిమిషాన బయట పిడి తిరిగింది. ఫొటోల బాబు మెడలో కెమెరాతో తలుపు తెరిచి, "అక్కయ్యా, కింద మిమ్మల్ని..." అంటూండగానే మేనేజరు అతన్ని తోసుకుని వరండాలో పరుగుతీశాడు. అక్కయ్య ముందు చేసిన పని, చేతికర్రని తలుపుకి అడ్డం పెట్టడం.

మేనేజరు తిరిగొచ్చాడు. రాడేమో అనుకుంది గానీ వచ్చాడు, మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని. అడుగు కూడా మారిపోయింది. కుర్చీలో నిండుగా కూర్చున్నాడు. తను రాసిన వాక్యాన్ని ఎవరో రాసినట్టు చూసి, అడ్డంగా ఒక గీత గీశాడు. "ఇందాక ఏదో కంగారులో రాశాను. కౌంటరుద్యోగం ఇస్తాం మేడం. అంతకుమించి నావల్ల కాదు."

అమ్మాయి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "విన్నారా అక్కా? ఆ సంతకం పడనిచ్చి ఉంటే నా బతుకు ఒడ్డున పడేది. మీ సొమ్మేం పోయేది?"

 అక్కయ్య చెప్పాల్సిన జవాబు ఈ పిల్లకి ఒక్కదానికే చెబితే సరిపోయేది కాదు. కాగితం దగ్గరికి లాక్కుని, అడుగున, ఇంతవరకూ ఎన్నడూ రాయని రెండు మాటలు రాసింది. 'రాజీ కుదరలేదు.' కింద సంతకం పెట్టింది. ఈసారి పైనుంచి కిందిదాకా చదివి పెట్టింది.

ఫొటోల బాబు నీళ్ళు నమిలాడు. "అక్కయ్యా, ఛైర్మన్ గారు కింద ప్రకటించేశారు. రాజీ కుదిరిపోయిందని. అందరూ చప్పట్లు కూడా కొట్టేశారు."

"కొట్టనీ. పద" అంది అక్కయ్య.

తలుపు దగ్గరి చేతికర్ర తీసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఇది ఆవిడకి అన్నం పెట్టిన చోటు. వెళ్ళి ఈ మాట చెబితే రేపు ఏ మొహం పెట్టుకుని ఈ మెట్లెక్కడం? చెప్పకపోతే మాత్రం ఆ గదిలో మళ్ళీ ఎలా కూర్చోవడం? బయటికొచ్చినా తలుపు మూసుకున్నట్టే ఉంది. వెనక అమ్మాయి దిగుతోంది. కోపంగానే ఉంది, కానీ వెళ్ళిపోలేదు. మేనేజరు వాళ్ళని దాటుకుని, మందిరంలోకి తిరగకుండా నేరుగా గేటు వైపు నడిచాడు.

వేదిక మీద ఛైర్మన్ గారు చేతులు చాచి ఎదురొచ్చారు. "ఇదిగో, మన చరిత్ర నడిచొస్తోంది!" అన్నారు మైకులో. ముందు వరసలో అమ్మ ముఖం విప్పారింది. "రెండు మాటలు మాట్లాడండి అక్కయ్యా. మీరు రాజీపడిన ఆ మధుర క్షణం గురించి."

అక్కయ్య మైకు ముందు నిలబడింది. నాలుక చివరికి ముందుగా వచ్చిన మాట, నమస్కారం, ఏ నంబరు కావాలండీ. మింగేసింది.

"నమస్కారం. బస్సు డ్రైవరమ్మాయి కేసులో రాజీ కుదరలేదు. బహిరంగ విచారణ జరుగుతుంది." గొంతు మందిరం దాటి, వరండాలు దాటి, పై అంతస్తులో ఖాళీగా ఉన్న గది దాకా వెళ్ళి వినపడింది. ఛైర్మన్ గారి చిరునవ్వు ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఉండిపోయింది. "ఇక నా కేసు. సంతోషంగా సంతకం పెట్టానని ఇందాక చెప్పారు. కాదండీ. ఆరోజు నేను బాత్రూంకి వెళ్ళాల్సొచ్చింది."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"కప్పు మీద కప్పు టీ పోశారు. వెళ్ళొస్తానంటే సంతకం పెట్టి వెళ్ళమన్నారు. తలుపుకి లోపల హ్యాండిల్ లేదు. అందుకని పెట్టాను. టెలిఫోన్ ఉద్యోగం వదులుకుంటున్నానని ఇంటికెళ్ళి కాగితం చదివాక తెలిసింది." ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. "ఆ టీ ఆ తరవాత నేను పోశాను. ఎంతమందికో పోశాను. వాళ్ళలో ఎవరు సంతోషంగా పెట్టారో, ఎవరు ఆగలేక పెట్టారో నాకు తెలియదు. అడగలేదు. ఈ అమ్మాయి విచారణ తెరిచిన తలుపుల మధ్య జరగాలి. అంతే."

చప్పట్లు లేవు.  ముందు వరస నుంచి అమ్మ గొంతు, సన్నగానే గానీ అందరికీ వినపడింది.

"ఆవేళ ఇంటికొచ్చి బాత్రూంలో తలుపేసుకుని ఎంతకీ రాలేదు నువ్వు. ఏడుపు వినపడితే, ఉద్యోగమొచ్చిన సంతోషం కాబోలనుకున్నానే తల్లీ!"

అక్కయ్య వేదిక దిగింది. అమ్మ పక్కన కూర్చోలేదు, అమ్మ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, గుమ్మం దగ్గరున్న గాజుపెట్టెల వైపు నడిచింది. కళ్ళజోడుకీ టైపు మిషనుకీ మధ్య, ఎర్రటి మెత్త మీద, పిడి తళతళలాడుతోంది. ఫొటోల బాబు దానికి పాలిష్ కూడా పెట్టించాడు.

"అక్కయ్యా, అది చరిత్ర..." అన్నాడతను.

"తెలుసు నాయనా" అని గాజుమూత ఎత్తి పిడి తీసుకుంది.

డ్రైవరమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అక్కయ్య చేతిలోంచి పిడి లాక్కున్నట్టే తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీమీద నా కోపం పోలేదు" అంది.

"పోవద్దు."

"విచారణలో మీరు సాక్ష్యం చెప్పాలి."

"చెబుతాను."

అమ్మాయి పిడిని గాలిలో ఒకసారి తిప్పి చూసుకుంది. "దీన్ని సొరుగులో పెడితే మళ్ళీ ఎవరో ఒకరు పట్టుకుపోతారు. తలుపుకి బిగించెయ్యాలి. ఉండండి, బండిలోంచి స్క్రూడ్రైవరు తెస్తాను."

అక్కయ్య మెట్లెక్కడం మొదలుపెట్టింది.